ఆకు తగలబెట్టకండి, పాదులో వేయండి

కాలనీలోని ఇరుగుపొరుగు వారందరికీ మనవి.

శివరాత్రి దాటిందంటే మన వీధుల్లో ఆకు రాలడం ఊపందుకుంటుంది. కానుగ, వేప, రావి ఒకదాని వెంట ఒకటి రాలుస్తాయి. ఉగాదికి కొత్త చిగుళ్ళు, వేప పూత వచ్చేదాకా ఇదే వరస. పొద్దున ఊడ్చిన వాకిలి పది గంటలకల్లా మళ్ళీ నిండిపోతుంది. ఊడ్చి ఊడ్చి విసుగెత్తి చివరికి అగ్గిపుల్ల గీస్తాం. ఖాళీ ప్లాటులో ఒక కుప్ప, పార్కు గోడ వారన ఇంకో కుప్ప, కొన్నిచోట్ల చెట్టు మొదట్లోనే. ఆ సెగకు బెరడు మాడి, నీడనిచ్చే చెట్టే ఎండిపోతుంది.

మేం అడిగేది ఒక్కటే. ఈ ఏడు నుంచి మన కాలనీలో ఆకు కాల్చడం మానేద్దాం. రాలిన ఆకు రాలిన చోటనో, దగ్గర్లోని పెరట్లోనో మట్టిలో కలవాలి.

పొగ సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కాలేది ఉత్త ఆకే కాదు, దాంతోపాటు ఊడ్చిన పాల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు కూడా. ఉబ్బసం ఉన్న పిల్లలు, పొద్దున్నే నడకకు వెళ్ళే పెద్దవాళ్ళు అదే పీలుస్తారు. అందరికన్నా ఎక్కువ పీల్చేది తెల్లవారకముందే వీధులు ఊడ్చే ఆడవాళ్ళు. వాళ్ళే అంటిస్తున్నారని కసురుకోవడం తేలిక. ఊడ్చిన ఆకు ఎక్కడ పోయాలో వాళ్ళకు ఎవరు చూపించారు? చెత్త బండిలో ఇంటి చెత్తకే చోటు చాలదు.

చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. వీధుల్లో, బహిరంగ స్థలాల్లో చెత్త కాల్చకూడదనీ, తోట చెత్తను ఎవరి ఆవరణలో వాళ్ళు విడిగా ఉంచాలనీ 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చేవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అంది. జరిమానా చూపించి భయపెట్టడం మా ఉద్దేశం కాదు. మన వీధిలో ఎవరైనా కట్టినట్టు మేం వినలేదు కూడా.

"బూడిద మాత్రం ఎరువు కాదా?" అని అడిగేవాళ్ళున్నారు. ఎరువే, కొంతవరకు. పొటాష్, సున్నం బూడిదలో మిగులుతాయి. నత్రజని మాత్రం చాలావరకు పొగలో పోతుంది. మట్టిని గుల్లగా చేసి తడిని పట్టి ఉంచే జీవపదార్థం అసలే మిగలదు. మన పెరళ్ళకు ముందు కావలసింది అదే. ఇల్లు కట్టాక పెరట్లో మిగిలేదేమిటి? మొరం, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు. అందులో మొక్క రాదని ఎర్రమట్టి, వర్మీకంపోస్టు డబ్బు పోసి కొంటాం. ఆ వర్మీకంపోస్టుకు పనికొచ్చే ఆకునేమో గేటు బయట తగలబెడతాం.

ఎవరూ ఊడ్వని చోట కానుగ చెట్టు ఉంటే, దాని కిందికి వెళ్ళి ఆకును చేత్తో తొలగించి చూడండి. పైపొర గలగలలాడుతుంది. దాని కింద ఆకులు తడిసి, నల్లబడి ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఇంకా కిందికి పోతే ఆకు అని చెప్పడానికి ఈనెలే కనిపిస్తాయి, మిగతాదంతా టీపొడిలాంటి నల్లని మన్ను. వేలు పెడితే చల్లగా దిగుతుంది. వెనకటి రైతులకు దీని విలువ తెలుసు కనకనే మాగాణి దమ్ములో కానుగ రొట్ట వేసి తొక్కించేవారు. సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన ప్రకృతి వ్యవసాయంలో జీవామృతం ఎంత ముఖ్యమో, నేలను ఆకుతో, గడ్డితో కప్పే ఆచ్ఛాదన కూడా అంతే ముఖ్యం.

ఎండాకాలంలో దీని అవసరం మరీ ఎక్కువ. బీర, కాకర, దొండ పాదుల్లో, గులాబీ, మల్లె మొదళ్ళలో రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకు పరవండి. కాండానికి తగలకుండా చుట్టూ బెత్తెడు ఖాళీ వదలాలి, లేకపోతే మొదలు కుళ్ళుతుంది. ముందు పాదు తడిపి, ఆ తరవాతే ఆకు వేయాలి. కప్పిన నేల మీద ఎండ నేరుగా పడదు కాబట్టి తడి త్వరగా ఆరదు, కలుపూ తగ్గుతుంది. ట్యాంకరు కోసం ఫోన్లు పట్టుకు కూర్చునే మే నెలలో ఇది చిన్న లాభమేమీ కాదు.

మిగిలిన ఆకును పెరట్లో ఓ మూల మూడడుగుల వెడల్పున తీగవల చుట్టి అందులో వేయండి. ఆకు మూడు వంతులు, కూరగాయల తొక్కలు ఒక వంతు, మధ్యమధ్య కాస్త పేడనీళ్ళు గాని పుల్ల మజ్జిగ గాని. పిడికెడు తీసి పిండితే చెమ్మ తగలాలి, నీళ్ళు కారకూడదు. వారానికో పదిరోజులకో తిరగేయాలి. ఇప్పుడు మొదలుపెడితే మృగశిర కార్తె వచ్చి కొత్త మొక్కలు నాటే వేళకు ఎరువు చేతికొస్తుంది. బాదం, మామిడి ఆకులు మందం, వాటిని చింపో నలగ్గొట్టో వేయాలి. యూకలిప్టస్ వద్దు.

పాములు, చెదలు వస్తాయన్న భయం తీసిపారేసేది కాదు. అందుకే కుప్పను ఇంటి గోడకు ఆనించి వేయకూడదు, నెలల తరబడి కదపకుండా వదిలేయకూడదు. తడిపి తిరగేస్తూ ఉండే కుప్పలో చెదలు నిలవడం కష్టం. ఇక దోమలకు వేపాకు పొగ అంటారా, సాయంత్రం ధూపంలో గుప్పెడు వేసుకోండి, ఎవరూ కాదనరు. ట్రాక్టరెడు ఆకు కాల్చడానికి దోమలు సాకు కాకూడదు.

పెరడు లేని అపార్ట్‌మెంట్ల వారి ఆకు ఏం కావాలన్నది అసలు చిక్కు. దీనికి ఇంటింటి ప్రయత్నం చాలదు. పార్కులో మూలకొకటి చొప్పున ఆకు గుంతలు తవ్వాలి. ఆకు రాలే నెలల్లో వారానికి ఒక రోజు ఆకు కోసమే విడిగా బండి పంపాలి. ఊడ్చేవాళ్ళకు తట్టలు, మాస్కులు, గుంత ఎక్కడుందో చూపించే మనిషి ఉండాలి. ఇవే మూడు కోరికలతో వార్డు ఆఫీసుకు అర్జీ రాశాం.

ఆదివారం పొద్దున ఏడింటికి పార్కు గేటు దగ్గర మొదటి గుంత తవ్వుతున్నాం. పార, గునపం ఉన్నవాళ్ళు తీసుకురండి. అర్జీ అక్కడే ఉంటుంది, చదివి సంతకం పెట్టండి. ఆకు కావలసినవాళ్ళు ఖాళీ గోనెలు తెచ్చుకోవచ్చు. ముందొచ్చిన వాళ్ళకు కానుగాకు, ఆలస్యమైతే బాదమాకే.

ఇట్లు,
మీ వీధి మొక్కల పెంపకందారులు