బావి తవ్విన పుణ్యం, పడక పక్కన పుణ్యం

హజ్రత్ ఉస్మాన్ (రజి) అనగానే మనకు ఆయన దానగుణమే స్ఫురిస్తుంది. వస్త్ర వ్యాపారంలో ఆర్జించిన ధనంతో ఆయన రూమా బావిని కొని మదీనా ప్రజలకు ఉచితంగా అంకితం చేశారు. ఆ నీటిపై తనకంటూ ప్రత్యేక హక్కు ఉంచుకోలేదు.

అయితే హిజ్రీ 2లో జరిగిన బద్ర్ సంగ్రామంలో ఆయన లేరు. సతీమణి హజ్రత్ రుఖయ్య (రజి) తీవ్ర అస్వస్థతకు లోనయ్యారు. ఆమె తండ్రి అయిన దైవప్రవక్త (స) ఆదేశం మేరకు ఆయన ఆమె సేవలో ఉండిపోయారు. విజయవార్త మదీనా చేరే వేళకు ఆమె కన్నుమూశారు. దైవప్రవక్త (స) ఆయనకు బద్ర్ యోధులతో సమానంగా వాటానూ, పుణ్యఫల శుభవార్తనూ అందజేశారు.

సమాజసేవ పేరిట ఇంట్లోని రోగిని, ఇంటి బాధ్యతల సాకుతో పొరుగువారి దాహాన్ని విస్మరించే మనం ఈ రెండు ఘట్టాలనూ కలిపి స్మరించుకోవాలి.