వాన చాలదని కాదు, నిలిచే చోటు లేదని

బెంగళూరు వాతావరణం బాగుంటుందన్న పేరు ఆ నగరానికి మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి అక్కడి ఎండ మన కోస్తాలోలా మాడ్చదన్నది నిజమే. కానీ ఆ చల్లదనం చూసి నీళ్ల సంగతి కూడా ప్రకృతే చూసుకుంటుందని నగరం నమ్మింది. అక్కడ ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో మూడో వంతుకు పైగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే కురుస్తుంది. జనవరి, ఫిబ్రవరి దాదాపు పొడి నెలలు. దగ్గర్లో జీవనది లేదు. అలాంటి చోట కురిసిన నాటి నీటిని కురవని నెలలకు దాచుకుంటేనే బతుకు. పాతవాళ్లు చెరువు కింద చెరువు తవ్వి, ఒకదాని అలుగు నీళ్లు మరొకదానిలోకి పారేలా కాలువలు తీసింది అందుకే. నగరం తూర్పు వైపు మిగిలిన నీళ్లు బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకిని నదిలో కలుస్తాయి.

నగరం తూర్పున, హూడి అనే పేట ఉన్న మహదేవపుర ప్రాంతం ఈ ఏర్పాటు చెడితే ఏమవుతుందో రెండేళ్ల తేడాలో రెండు రకాలుగా చూసింది. 2022 సెప్టెంబరు 5 ఉదయానికి 24 గంటల్లో నగరంలో 131.6 మిల్లీమీటర్ల వాన నమోదైంది. ఐటీ కంపెనీల రోడ్లు మునిగాయి, జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో తరలించారు. 2024 వేసవిలో అదే ప్రాంతం ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. నగరంలోని దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లలో సగం ఎండిపోయాయని కర్ణాటక ముఖ్యమంత్రే చెప్పారు. వీటిని రెండు వేర్వేరు కష్టాలుగా చూడటం వల్లే రెండూ తీరడం లేదు. వెయ్యి చదరపు మీటర్ల డాబా ఉన్న అపార్ట్‌మెంటు మీద ఆ ఒక్క రోజే పడిన నీళ్లు లక్షా ముప్పై వేల లీటర్లు, అంటే 12 వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు. వాటిని రోడ్డు మీదికి వదిలేసి, వేసవిలో డబ్బిచ్చి తెప్పించుకుంటున్నారు.

వాతావరణమే మారిపోయింది, ఇంత వాన ఎవరు తట్టుకోగలరు అంటారు కొందరు. మార్పు నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే 1988 సెప్టెంబరు 12న ఇదే బెంగళూరులో ఒక్క రోజులో 177.6 మిల్లీమీటర్లు కురిసింది. 2022 నాటి వాన ఆ ఊరు ఎరగనిది కాదు. ఈ మధ్యలో మారింది నేల. చెరువుల్లోకి పోవాల్సిన కాలువల మీద ఇళ్లు, ఆఫీసులు లేచాయి. పక్కన పెద్ద నది ఉన్నంత మాత్రాన ఈ బాధ తప్పదు. మిసిసిపి ఒడ్డున ఉన్న అమెరికా నగరం సెయింట్ లూయిస్‌లోనూ 2022 జులై 26న 200 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. అక్కడ వీధుల్ని ముంచింది మిసిసిపి పొంగు కాదు, ఇంకే చోటు, పోయే దారి చాలని వాననీరు.

కావేరి అయిదో దశ వచ్చింది కదా అన్నది ఇంకో మాట, ఇది బలమైనదే. 2024 అక్టోబరులో మొదలైన ఆ పథకం, 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాలకు రోజుకు 77.5 కోట్ల లీటర్లు ఇవ్వడానికి ఉద్దేశించినది. దాని వల్ల ఎంతోమందికి ఊరట దక్కుతుంది. కానీ ఆ నీళ్లను సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి, అయిదు వందల మీటర్ల ఎత్తుకు తోడి తేవాలి. పైగా కావేరి కూడా రుతుపవనాల మీదే ఆధారపడిన నది. 2023లో వానలు తప్పినప్పుడు హూడి బోర్లూ ఎండాయి, కావేరి జలాశయాలూ తగ్గాయి. ఒకే వాన మీద నిలిచిన రెండు ఆధారాల్లో ఒకటి మరొకదానికి పూర్తి భరోసా కాలేదు. కాబట్టి వానను పడిన చోటే దాచుకోవాలి. ఇంటి మీద పడిన వాన నీటిని పట్టి భూమిలోకి దింపాలన్న నిబంధన బెంగళూరులో 2009 నుంచే ఉంది. పేరుకు ఒక గుంత తవ్వి వదిలేస్తే ఆ నిబంధన నెరవేరినట్టు కాదు.

2025 సెప్టెంబరులో నగరాన్ని అయిదు కార్పొరేషన్లుగా విడదీశారు. మహదేవపుర ఇప్పుడు తూర్పు కార్పొరేషన్‌లో ఉంది. ఆ కార్పొరేషన్ కొత్త రోడ్ల కన్నా ముందు రాజకాలువల (పెద్ద వాననీటి కాలువల) ఆక్రమణలు తీయించాలి, చెరువుల పూడిక తీయించాలి, మురుగును వాటిలోకి రాకుండా ఆపాలి. ఉద్యోగాల కోసం వెళ్లి హూడి, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఫ్లాట్లు కొంటున్న తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. కొనే ముందు మెట్రో స్టేషన్ ఎంత దూరమో అడిగినట్టే, ఈ స్థలం పాత గ్రామ పటంలో చెరువా, కాలువా అని కూడా అడగండి. జవాబు చెప్పలేని బిల్డరు దగ్గర కొనకండి.