దోషమెక్కడున్నది?

దూరాన ఉన్న కంప్యూటర్‌ను మన ముందున్న తెరపై చూస్తూ నడిపే సాధనాన్ని రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పి ప్రొఫెషనల్‌లో ఈ సదుపాయం ఉన్నది. 2020 నాటి లాక్‌డౌన్ కాలంలో హైదరాబాదు కార్యాలయాలలోని కంప్యూటర్లను ఇళ్లనుండే నడిపినవారెందరో! ఉపాధికై గల్ఫ్‌కు వెళ్లినవారు కోరుట్లలోని తమ ఇంటి కంప్యూటర్‌ను ఎనీడెస్క్ వంటి సాధనాలతో అక్కడినుండే చక్కదిద్దగలరు. అయితే వీటిలో తరచు రెండు చిక్కులు ఎదురవుతాయి. తెర నల్లబడుతుంది, లేదా దృశ్యం కనిపిస్తుంది గాని ధ్వని వినిపించదు. అప్పుడు మనవారు పలికే మాట ఒక్కటే: “పనిచేయడం లేదు.” ఈ వాక్యంవలన వినేవానికి తెలిసేది శూన్యం.

భారతంలోని భీష్మపర్వాన్ని స్మరించండి. భీష్ముడు కూలిన వార్తను సంజయుడు ముందుగా చెబుతాడు. ధృతరాష్ట్రుడు అంతటితో ఊరుకోడు. భీష్ముని పార్శ్వాలను కాచినవారెవరు, ఎదుట నిలిచినవారెవరు అని ప్రశ్నల పరంపర కురిపిస్తాడు. కానరాని రణరంగాన్ని ఆ అంధరాజు ప్రశ్నలతోనే తెలుసుకున్నాడు. అంత దూరం పోనక్కరలేదు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. అది ఆగినప్పుడు అనుభవజ్ఞుడైన కార్మికుడు పడుగు పోగు తెగినదా, పేక నూలు అయిపోయినదా, మోటారే నిలిచినదా అని విడదీసి చూస్తాడు.

కంప్యూటర్‌కూ ఈ వివేకమే కావాలి. మన యంత్రం, అవతలి యంత్రం, నడిమి దారి: దోషం ఈ మూడింటిలో ఎక్కడున్నది? ధ్వని వినిపించకుంటే ముందుగా మన యంత్రంలోనే ఒక పాట వినాలి. అది వినిపిస్తే స్పీకర్ నిర్దోషి. ఆపై విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో అనుసంధానానికి ముందు కనిపించే లోకల్ రిసోర్సెస్ పుటలో ధ్వని అమరికను చూడాలి. ధ్వని ఇక్కడ వినిపించాలా, అసలు వద్దా, అక్కడే మోగాలా అని అందులో మూడు ఎంపికలున్నాయి. మూడవది ఎంచుకుంటే పాట హైదరాబాదులోని ఖాళీ గదిలో మోగుతుంది. జగిత్యాలలో కూర్చున్నవాడు స్పీకర్‌ను తిట్టుకుంటాడు! అమరిక సరిగానే ఉండి మాట ముక్కలుముక్కలుగా వస్తుంటే నడిమి దారిని, అనగా ఇంటర్నెట్ వేగాన్ని, శంకించవచ్చు.

తెర నల్లబడినా మౌస్ గుర్తు కదులుతున్నదా అని గమనించాలి. కదులుతుంటే ఒకసారి కంట్రోల్, ఆల్ట్, ఎండ్ మీటలను కలిపి నొక్కి చూడాలి. అవతలి విండోస్ భద్రతా తెర కనిపించినదంటే అనుసంధానం సజీవంగానే ఉన్నది. లేకుంటే ఎక్స్‌పీరియన్స్ పుటలోని బిట్‌మ్యాప్ క్యాషింగ్‌ను ఆపి మళ్లీ ప్రయత్నించాలి. పాత చిత్రాలను దాచుకొనే ఆ సౌకర్యమే ఒక్కొక్కప్పుడు తెరను కప్పివేస్తుంది.

ఆయుర్వేదంలో రోగకారణ నిర్ణయాన్ని నిదానమంటారు. వాడుకలో నిదానమంటే తొందరపడకపోవడం. ఈ పనికి రెండర్థాలూ అవసరమే.

దోషాన్ని చెప్పలేనివాడు యంత్రాన్నే పరులకు అప్పగిస్తాడు. భయం అక్కడున్నది. బాగుచేస్తామని ఫోన్ చేసిన అపరిచితునికి ఎనీడెస్క్ చూపే సంఖ్యను చెప్పి, అడిగిన అనుమతులిస్తే, ఖాతాలోని సొమ్ము మాయం కావచ్చునని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఎడారి ఎండలో ఏళ్ల తరబడి చెమటోడ్చి పంపిన సొమ్ము ఉండేది ఆ ఖాతాలలోనే. ఏ యంత్రంలో, ఎప్పటినుండి, ఏ పని చేస్తుండగా లోపం తలెత్తిందో చెప్పగలిగినవాడు అవతలివాని మాటలోని పొసగనితనాన్నీ పట్టుకోగలడు. ఆ ప్రశ్నలకు మోసగాని వద్ద తరచు ఉండేది తొందరపాటే.

ఇది కంప్యూటర్ శాస్త్రం వారి పని, తెలుగు తరగతికెందుకని కొందరంటారు. నేను అంగీకరించను. సెలవు కోరుతూ ప్రిన్సిపాల్‌కు వ్రాసే లేఖతోపాటు, ధ్వని రాని కంప్యూటర్‌ను గురించి దూరాననున్న అన్నకు పది వాక్యాలలో వివరించే లేఖనూ మన తరగతిలో వ్రాయించాలి. అందులో “పనిచేయడం లేదు” అన్న మాట వాడకూడదన్నదే నియమం.