పీఎఫ్ కడితే విశ్వాసం లేనట్టా?

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం మెట్ల దగ్గర నలుగురం నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నాం. అందరం సాఫ్ట్‌వేర్ బాపతే. ఎన్‌పీఎస్ ఖాతా తెరిచానని నోరు జారాను. అంతే, ఒక అన్నయ్య నా భుజం మీద చెయ్యేసి "రేపటి సంగతి దేవుడు చూసుకుంటాడు బ్రదర్, అరవయ్యేళ్ళకి కావాల్సిన లెక్కలు ఇప్పట్నుంచే ఎందుకు?" అన్నాడు. మూడేళ్ళ క్రితం కంపెనీ మారినప్పుడు పీఎఫ్ మొత్తం తీసేసి, అందులోంచి ఓ పెద్ద ప్రసంగీకుడికి విత్తన కానుక పంపిన మనిషాయన. నూరంతలై తిరిగొస్తుందట! (ఎన్నేళ్ళకో నేనడగలేదు లెండి.)

నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెప్తాను.

మా నాన్నగారు గుంటూరు దగ్గర ఓ చిన్న ఊళ్ళో 31 ఏళ్ళు సేవ చేశారు. జీతమంటూ లేదు, కానుకల పెట్టెలో ఎంత పడితే అంత. పీఎఫ్ లేదు, పింఛను లేదు, ఆరోగ్య బీమా లేదు. ఎవరైనా అడిగితే ఆయనా ఇదే మాట అనేవారు, దేవుడు చూసుకుంటాడని. నిజమే, చూసుకున్నాడు, నా జీతం రూపంలో :) ఆయన మోకాలి ఆపరేషన్‌కి తీసుకున్న పర్సనల్ లోన్ ఇంకా కడుతూనే ఉన్నాను. నాకు ఉద్యోగం వచ్చి ఉండకపోతే ఏమయ్యేదో ఆ సంఘంలో ఒక్కరూ ఆలోచించలేదు. నాన్నగారిని నేనేమీ అనను, ఆయన నమ్మి బతికారు. నెలకి లక్షన్నర తెచ్చుకుంటూ అదే మాట వల్లించేవాళ్ళది మాత్రం విశ్వాసం కాదు, బద్ధకం.

మత్తయి ఆరో అధ్యాయం వద్దన్నది చింతని, లెక్కని కాదు. యోసేపు ఐగుప్తులో ఏడేళ్ళపాటు పంటలో ఐదో వంతు కొట్లలో వేయించాడు. అది అవిశ్వాసమని ఏ పాస్టరుగారైనా ప్రసంగించగా విన్నారా? మరి లూకాలో కొట్లు కట్టుకున్న ధనవంతుడి మాటేమిటంటారా? ఆ కథ మళ్ళీ చదవండి. వాడి మాటల్లో వాడు తప్ప ఇంకో మనిషే లేడు. ఇక మార్కు ఏడులో కొర్బాను సంగతైతే ఎవరూ ఎత్తరు. అమ్మానాన్నలకి పెట్టాల్సింది దేవుడికిచ్చేశామని తప్పించుకునేవాళ్ళని యేసు అక్కడ ఉతికి ఆరేశాడు. పీఎఫ్ తీసి విత్తన కానుకలో వేసి, రేపు పిల్లల నెత్తిన పడటం కూడా కొర్బానే కదా, కాకపోతే భారం ఈసారి కిందకి దిగింది.

పింఛను లెక్కలు లోకస్తుల తెలివి అనేవాళ్ళకి ఒక సంగతి. 1744లో స్కాట్లండులో రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అని ఇద్దరు పాస్టర్లు, చనిపోయిన పాస్టర్ల భార్యాపిల్లల కోసం ఒక నిధి పెట్టించారు. ఏడాదికి ఎంతమంది పాస్టర్లు పోతారు, ఎంతమంది భార్యలు మిగులుతారు, ఆ తర్వాత ఎన్నేళ్ళు బతుకుతారు, అన్నీ లెక్కగట్టారు. ఆ లెక్కలు సరిచూసింది ఎవరనుకున్నారు? కాలిన్ మెక్లారిన్! ఫస్టియర్ మేథ్స్‌లో సిరీస్‌తో మనల్ని చంపాడే, ఆయనే. చందాలు పెట్టుబడి పెట్టి ఆ రాబడితో వితంతువులకి పింఛన్లిచ్చారు. ప్రార్థన మానేసి చేసినవాళ్ళేం కాదు.

అవతలి చివర ఇంకో రకం ఉన్నారు, తలాంతుల ఉపమానం చూపించి ఆప్షన్స్ ఆడేవాళ్ళు. 2021-22 నుంచి 2023-24 వరకు ఎఫ్ అండ్ ఓ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే చెప్పింది. ఆ ఉపమానంలో యజమాని కనీసం వడ్డీకైనా వేయాల్సింది అన్నాడు గానీ జూదం ఆడమనలేదు.

నెలకి 5,000, ఏడాదికి 8 శాతం వస్తుందనుకుంటే 30 ఏళ్ళకి 74 లక్షలు దాటుతుంది. పదేళ్ళు ఆలస్యంగా మొదలెడితే 30 లక్షలు కూడా రావు. ఈ లూప్ రాయడం మనకి రెండు నిమిషాల పని.

2009 నుంచి ఎన్‌పీఎస్ ప్రభుత్వోద్యోగం లేనివాళ్ళకీ ఉంది. నేనిప్పుడు వెళ్ళే సంఘంలో పాస్టరుగారికి 42 ఏళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. ఆయన పేరున ఖాతా తెరిచి సంఘమే నెలనెలా కట్టాలని పెద్దలకి ఉత్తరం రాసిచ్చాను. కొత్త సౌండ్ సిస్టమ్ కొన్నాక చూద్దామన్నారు.