దాతకు పంపే లెక్క మన గ్రామసభలో కూడా చదవండి

మన గూడెం పిల్లల ఫొటో పెట్టి చందాలు వసూలు చేస్తారు. దాతకు ఇంగ్లీషులో రిపోర్టు పోతుంది: ఎన్ని బ్యాగులు పంచారు, ఎంత ఖర్చయింది. ఆ ఫొటోలోని పిల్ల తల్లికి మాత్రం ఒక్క ముక్కా తెలీదు. ఫొటో వాడుకుంటామని ఆమెను అడిగారా?

అందరూ దొంగలని అనట్లేదు. పగలంతా గూడేలు తిరిగి రాత్రి ఆ ఎక్సెల్ షీట్లు నింపేది మన కుర్రాళ్ళే.

కానీ 1996 పెసా చట్టం చూడండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ కూడా తాను ఖర్చుపెట్టిన నిధులకు గ్రామసభ నుంచి వినియోగ ధ్రువపత్రం తీసుకోవాలి (ఎక్కడ తీసుకుంటున్నారని అడక్కండి). సర్కారు డబ్బుకే ఆ లెక్క ఉంటే, మన పిల్లల పేరున వచ్చిన డబ్బుకు ఎందుకుండదు?

మీ ఊళ్ళో అలాంటి సంస్థ ఉందా? వచ్చే సభకు రిపోర్టు తెమ్మనండి. కోయలోనో కువిలోనో చదివించండి.