ఎదుగుదల మందగించిన బిడ్డలు – ఇంటి భాష

మన సంఘపు సమావేశములలో భాషను గూర్చి మాటలాడునపుడెల్ల పాఠశాలలో తెలుగు తరగతి, పాఠ్యపుస్తకములు, పరీక్షలు – ఇవియే ప్రస్తావనకు వచ్చుచుండును. అవి ముఖ్యములే. కాని పాఠశాల గడప త్రొక్కుటకే అవస్థపడు బిడ్డలును మన ఇండ్లలో కలరు. రెండేండ్లు నిండినను మాట రానివారు, పిలిచిన పలుకనివారు, తోటివారితో ఆడనివారు, ఈడుకు తగినట్లు ఎదుగనివారు. వీరిని గూర్చి మనము సభలలో మాటలాడము. ఇండ్లలోను మెల్లగానే మాటలాడుదుము. ఈ మౌనమును విడువవలెనని నా మనవి. ముందుగా నా తప్పు చెప్పుకొందును.

కొన్నేండ్ల క్రిందట మా బంధువులలో ఒక దంపతులు మూడేండ్ల కుమారుని వెంటబెట్టుకొని మా అంగడికి వచ్చిరి. బిడ్డ పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడలేదు. చింతపండు బస్తాల ప్రక్కను కూర్చుండి తూకపు రాళ్ళను వరుసగా పేర్చుచు, చెదరినపుడెల్ల ఏడ్చుచుండెను. "మామా, వీడికింకా మాట రాలేదు, ఏం చేద్దాం?" అని తల్లి అడిగెను. "మేనమామ పోలికమ్మా. ఆయనకూ అయిదో ఏడు దాకా మాట రాలేదు. భయపడవద్దు" అని నేను పెద్దరికముతో చెప్పితిని. నా మాట నమ్మి వారు రెండేండ్లు ఊరకుండిరి. పిదప వైద్యులు చూచి ఆటిజం అనిరి. ఆ రెండేండ్లు నేను తీర్పలేని బాకీ.

ఆటిజం అను లక్షణ సముదాయమును లియో కానర్ అను వైద్యుడు 1943లో వర్ణించెను. తల్లి ఆదరణ లోపమే దీనికి కారణమని కొంతకాలము పెద్ద వైద్యులే పలికిరి. ఆ వాదము నిలువలేదు. ఇది గ్రహచారమును కాదు, తల్లి దోషమును కాదు. ఏడాది నిండిన బిడ్డ పేరుకు పలుకకున్నను, ఏడాదిన్నరకు కావలసినదానిని వ్రేలితో చూపకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కూర్చి చెప్పకున్నను చూపింపవలెను. చూపించిన పిమ్మట ఏమియు లేదని తేలిన సంతోషమే. వేచియుండుట వలన లాభము లేదు.

ఇక రెండవ తప్పు. ఇది నాది కాదు, కాని దీనికి మన సంఘమంతయు బదులు చెప్పవలెను. శిక్షణకు తీసికొనిపోయినచోట ఒకరు ఆ తల్లితో, "ఇంట తెలుగు మానివేయండి, రెండు భాషలు వింటే బిడ్డ తికమకపడును" అనిరి. ఆ తల్లి అట్లే చేసెను. ఇంటనున్న అవ్వకు లాలించుటకు తెలుగు తప్ప వేరు మాట రాదు. తన మాటవలన మనుమనికి చెరుపు కలుగునేమోయని ఆమె నోరు మూసికొనెను. మాట రాని బిడ్డ ఉన్న ఇంట మాట మరింత తగ్గిపోయెను.

ఈ సలహాకు ఆధారము లేదు. డౌన్ సిండ్రోమ్ గల బిడ్డలను పరిశీలించి 2005లో కెనడా పరిశోధకులు ప్రకటించిన దానినిబట్టి, రెండు భాషల నడుమ పెరిగినవారు, అదే స్థాయిలోనున్న ఒకే భాష బిడ్డలకు ఆంగ్లమున తీసిపోలేదు. ఆటిజం గల బిడ్డల విషయమునను 2012లో ఆ దేశమునుండియే వెలువడిన పరిశీలన, రెండు భాషలు వినుటవలన అదనపు జాప్యము కనబడలేదని తెలిపినది. రెండు భాషలు బిడ్డకు బరువు కానపుడు ఇంటివారి మాటను దూరము చేయుట ఎందులకు?

ప్రవర్తన శిక్షకులు, అనగా బిహేవియర్ థెరపిస్టులు, చేయు పనిని చూచినచో ఈ సంగతి మరింత తెలియును. బిడ్డ అరచిన వారు దండింపరు. అరపునకు ముందు ఏమి జరిగినది, అరచిన పిదప బిడ్డకు ఏమి దొరికినది అని దినదినము వ్రాయుదురు. మా పిల్లవాని అరపునకు మొండితనము కారణము కాదనియు, దాహమైనపుడు అడుగుట తెలియక అరచుచున్నాడనియు, అరచినంతనే ఎవరో ఒకరు నీరు ఈయగా అదియే అలవాటైనదనియు ఒక వారపు వ్రాతలో తేలినది. అరపునకు బదులు చెంబు బొమ్మను చూపుట, ఆపై మాటతో అడుగుట నేర్పిరి. పండ్లు తోముట వంటి పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టు నేర్పి, నేర్చినపుడెల్ల మెచ్చుకొనుచు, చేయిసాయమును క్రమముగా తగ్గింతురు. ఇది గొప్ప ఓర్పు గల పని.

సికిందరాబాదులో 1984లో నెలకొల్పబడిన కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ, ఇట్టి భారతీయ బిడ్డల కొరకు 1992లో ఒక కొలమానమును ప్రకటించినది. అందు నేర్పును కొలుచు భాగమున నడక, స్నానము, తిండి మొదలు డబ్బు లెక్క వరకు 280 అంశములు కలవు. తనంతట తాను చేసిన బిడ్డకు 5, చిన్న సూచనతో చేసిన 4, నోటితో చెప్పగా చేసిన 3, చేయిపట్టి చేయించిన 2 మార్కులు. వర్తకుడనగు నాకు ఇచ్చట ఒకటి తోచినది. ఆ చెప్పు మాట బిడ్డకు తెలియని భాషలో ఉన్నచో మూడు రావలసినచోట రెండే వచ్చును. సరుకు తక్కువ కాదు; తూకపు రాయి తప్పు.

"మనము తమిళదేశమున ఉన్నాము, బిడ్డకు తమిళము వలదా?" అని కొందరు అడుగుదురు. తప్పక వలయును. వీధిలో, బడిలో, బస్సులో అదియే వాని బ్రతుకు. ఈ ధర్మపురిలో తరతరములుగా మనకును అదియే అన్నము పెట్టు భాష. మా పిల్లవానికి మేలు చేసినదియు ఒక తమిళ శిక్షకురాలే. ఆమె తల్లిని అడిగి ముప్పది తెలుగు మాటలను తమిళ లిపిలో వ్రాసికొని, వానితోనే మొదలుపెట్టెను. అవ్వను మరల మాటలాడుమనెను. వాడు మొదట "నీళ్ళు" అనెను. కొన్ని నెలలకు "తణ్ణి" అనియు అనెను. నేటికిని వాని మాటలు కొద్దియే. కాని అరపు తగ్గినది. అవ్వ మాట తిరిగి వచ్చినది.

కావున మన సంఘము మూడు పనులు చేయవలెను. మొదటిది, తల్లిదండ్రులకు దారి చూపుట. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద బిడ్డలను ఉచితముగా పరీక్షించుటకు ఏర్పాటు కలదు. మన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో విచారింపవచ్చును. 2016 నాటి చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి హక్కులు కల్పించినది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకమున లక్ష రూపాయల వరకు వైద్యబీమా కలదు. రెండవది, ఇంటి మాటల పుస్తకమొకటి తెలుగు, తమిళ లిపులలో అచ్చువేయించి శిక్షకులకు ఈయుట.

మూడవది ముఖ్యము. మన యువతీయువకులను ఈ వృత్తికి పంపుట. ప్లస్ టూ పిదప రెండేండ్ల ప్రత్యేక విద్యా డిప్లొమా కలదు. సికిందరాబాదు సంస్థయు, 2005లో చెన్నై దాపున ముట్టుకాడులో ఏర్పడిన జాతీయ సంస్థయు ఇట్టి శిక్షణను ఇచ్చుచున్నవి. "ఆయా పనికి ఇంత చదువా?" అని పెదవి విరుచు పెద్దలు ఒకటి తెలిసికొనవలెను. 1992 నాటి చట్టము ప్రకారము రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు లేకుండ ఈ వృత్తి చేయుట నేరము. తల్లిదండ్రులును శిక్షకుని నమోదు సంఖ్య అడిగి తెలిసికొనుట మంచిది.

మన పిల్లలలో ఎవరేని ఈ చదువునకు ముందుకు వచ్చినచో ఒకరి ఖర్చు నేను భరింతును. ఇది దానము కాదు. పై చెప్పిన బాకీలో కొంత చెల్లింపు మాత్రమే. మిగిలిన వర్తక సోదరులును ఆలోచింపగలరు. వచ్చు సంఘ సమావేశమునకు ఇట్టి బిడ్డలు గల కుటుంబములు బిడ్డలతోకూడ రావలెనని కోరుచున్నాను. వారు అరచినను, పరుగెత్తినను మనము తిరిగి చూడక మన పని మనము చేసికొందము.