ఒక్క ‘ఎస్’ మీద ఎన్నాళ్లు?

అనకాపల్లిలో ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. యాంటీబయాటిక్ చీటీలు వేలల్లో చూసుంటాను. 2018లో మా నాన్న కల్చర్ రిపోర్టు మాత్రం ఇంకా కళ్ల ముందే ఉంది. బెల్లం పొయ్యిల దగ్గరే బతుకంతా గడిపిన మనిషి. షుగరు. కాలికి లేచిన బొబ్బ పుండయింది. రిపోర్టులో సూడోమోనాస్ అని బ్యాక్టీరియా పేరు రాసి, కింద వరసగా మందుల పేర్లిచ్చారు. అన్నిటికీ ఎదురుగా ‘ఆర్’, అంటే పనిచేయదు. కొలిస్టిన్‌కు ఒక్కదానికే ‘ఎస్’, అంటే పనిచేస్తుంది. ఆ ఇంజెక్షన్‌తో జ్వరం దిగింది గానీ, క్రియాటినిన్ పెరిగి కిడ్నీలకు ముప్పని మధ్యలోనే ఆపేశారు. ప్రాణం దక్కింది, మోకాలి కింద కాలు దక్కలేదు.

కొలిస్టిన్ ఒక పెప్టైడ్. కొన్ని అమైనో ఆమ్లాలు గొలుసుకట్టిన చిన్న అణువు. ఇలాంటివి కప్ప చర్మంలో, మన చెమటలోనూ ఉన్నాయి. వీటిలో చాలావాటికి ధనావేశం, బ్యాక్టీరియా పైపొరకు రుణావేశం. అందుకే వెళ్లి అతుక్కుని ఆ పొరను ఛిద్రం చేస్తాయి.

ఈ విద్య మనకు కొత్త కాదు. ఎద్దు వీర్యద్రవంలోని సెమినల్‌ప్లాస్మిన్ బ్యాక్టీరియాను అడ్డుకుంటుందని హైదరాబాద్‌లో ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్ప భార్గవ 1979లోనే ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. అక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఎన్. సీతారాం, ఆర్. నాగరాజ్ అందులోంచి 13 అమైనో ఆమ్లాల ముక్కను కృత్రిమంగా తయారుచేసి 1990లో ఫలితం వెల్లడించారు. అది బ్యాక్టీరియాను చంపింది, ఎర్ర రక్తకణాలనూ పగలగొట్టింది. గొలుసులో ఏది మారిస్తే ఏ గుణం మారుతుందో ఆ తర్వాత వెతికారు. పెప్టైడ్‌ను మెరుగుపరచడమంటే ఇదే: సూక్ష్మజీవిని చంపే గుణం నిలవాలి, మన కణానికి హాని తగ్గాలి, రక్తంలోని ఎంజైములకు అది ముక్కలు కాకూడదు.

కష్టం లేదనను. కప్ప పెప్టైడ్ ఆధారంగా చేసిన పెక్సిగానన్ లేపనం మా నాన్నకొచ్చినటువంటి పుళ్ల కోసమే. 1999లో అమెరికా దానికి అనుమతి ఇవ్వలేదు. పైగా యాంటీబయాటిక్ పది రోజులు వాడి ఆపేసే మందు. కొత్తదైతే అత్యవసరానికి దాచుకోవాలి కూడా. కంపెనీకి లాభం ఎక్కడ? అందుకే ప్రభుత్వం ముందుకు రావాలి.

పరవాడ ఫార్మా సిటీ మా జిల్లాలోనే ఉంది. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. భూములు మావి, ఆ పొగ పీల్చేది మేము. ఆ పార్కులో పెప్టైడ్ల తయారీకి ప్రభుత్వ ఖర్చుతో ఒక ఉమ్మడి కేంద్రం పెట్టమని అడుగుతున్నాను. హైదరాబాద్ ల్యాబులు మెరుగుపరచినవి ఇక్కడ తయారై, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో పరీక్షకు నిలవాలి.

అంతవరకూ ఉన్న కొలిస్టిన్‌ను కాపాడుకోవాలి. విచ్చలవిడిగా వాడితే బ్యాక్టీరియా దానికీ లొంగకుండా పోతుంది. పశువులకు, కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. ఆ నిషేధం పల్లె దాకా అమలు కావాలి. నేనూ ఒకప్పుడు చీటీ లేకుండా మూడు మాత్రలు కత్తిరించి ఇచ్చినదాన్నే. నాన్న కాలు తీసేశాక మానేశాను.

మొన్న కశింకోట నుంచి ఒకాయన తన భార్య రిపోర్టు తెచ్చి, “ఇందులో పనిచేసే మందేదో చూసి ఇయ్యమ్మా” అన్నాడు. పై నుంచి కిందిదాకా రెండుసార్లు చదివాను. కొలిస్టిన్ ఎదురుగా కూడా ‘ఆర్’ అనే ఉంది.